నా పేరు మీద దిగినవాడు

గోదావరి ఒడ్డున మా తమ్ముడి చితి పక్కన నిలబడి ఆ రోజు నా పేరు చాలాసార్లు విన్నాను. అతనితో కలిసి బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన ముసలివాళ్లు గుంపుగా కూర్చుని, "రాజేశమన్న మంచోడుండె", "రాజేశమన్న ఉత్తగ డ్యూటీకి నాగా పెట్టెటోడు గాదు" అని చెప్పుకుంటున్నారు. రాజేశం నేను. కట్టెల మీద ఉన్నవాడు ఓదెలు, నాకంటే నాలుగేళ్లు చిన్నవాడు. ఇంట్లో ఓదెలు, బొగ్గుబాయిలో మాత్రం రాజేశం. నా పేరు మీద పనికి కుదిరి, నా పేరు మీదే చెయ్యగలిగినంత కాలం చేసి, ఊపిరితిత్తులు చెడి చనిపోయాడు. వాళ్లలో ఒకాయన నా తెల్లచొక్కా చూసి, "మీరేమైతరు సారూ?" అని అడిగాడు. "అన్నను" అన్నాను. "పేరు?" అన్నాడు. గాలి మావైపు తిరిగి పొగ కొట్టింది. ఆ సాకుతో ముఖం తిప్పుకున్నాను.

నేను సముద్రాన్ని చదువుకున్నవాణ్ణి. సముద్రం గాలిలోంచి బొగ్గుపులుసు వాయువును ఎంత పీల్చుకుంటుంది, పీల్చుకున్నదాన్ని ఏం చేస్తుంది, ఎంత లోతున ఎంత కాలం దాచుకుంటుంది, దానివల్ల ఎండలూ వానలూ ఎట్లా మారతాయి అన్నది నా వృత్తి. ఓడల మీద తిరిగాను. పిల్లలకు పాఠాలు చెప్పాను. ఈ పనిలోకి ఎట్లా వచ్చారని ఎవరైనా అడిగితే వాల్తేరులో మొదటిసారి సముద్రాన్ని చూసిన సంగతి చెప్పేవాణ్ణి. అది అబద్ధం కాదు, కానీ అది మొదలు కాదు. మొదలు గోదావరిఖనిలో మా క్వార్టరు ముందు, సాయంత్రం పూట మా అవ్వ, అంటే మా అమ్మ, కాల్చే బొగ్గు కుప్ప దగ్గర ఉంది. ఆ సంగతి చెప్పాలంటే ఓదెలు సంగతి చెప్పాలి. అందుకే ఇన్నాళ్లూ చెప్పలేదు.

పచ్చిబొగ్గును తెచ్చినది తెచ్చినట్టు పొయ్యిలో వేస్తే ఇంట్లో మనిషి నిలవలేడు. అందుకని పొద్దు వాలగానే ప్రతి ఇంటి ముందూ బొగ్గును కుప్పగా పోసి, అడుగున ఇన్ని కట్టెపుల్లలు పెట్టి అంటించేవారు. పొగంతా పోయి కుప్ప ఎర్రబడ్డాక నీళ్లు చల్లి ఆర్పితే, తేలికగా బొరుగుల్లా మిగిలినదాన్ని మర్నాడు వంటకు వాడుకునేవాళ్లం. వరసకు వరస ఇళ్లన్నీ ఒకేసారి అంటిస్తే ఆ పొగ ఎక్కడికీ పోయేది కాదు. చలికాలం మరీ కిందికి దిగి మనుషుల ఎత్తున నిలిచిపోయేది. ఎదురిల్లు కనపడేది కాదు. తల్లులు గడపల్లో నిలబడి పిల్లలను పేర్లు పెట్టి కేకేస్తుంటే ఆ పొగలోంచే జవాబులు వచ్చేవి. కుళ్లిన కోడిగుడ్డు, తడిసిన మట్టి, కిరసనాయిలు కలిసిన వాసన. ఆరేసిన బట్టలకు, అన్నానికి, మా అవ్వ జుట్టుకు అదే వాసన. నాకు అది ఇంటి వాసన. ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే ముందు ఆకలి వేస్తుంది, తరవాతే దగ్గు వస్తుంది.

ఒకసారి, "గీ పొగంత యాడికి పోతదే అవ్వా?" అని అడిగాను. అవ్వ చీపురుతో బొగ్గుపొడి ఊడుస్తూ, "మీదికి పోతది కొడుకా. దేవునిల్లు నల్లగైతది. సున్నం ఏసుకుంటడు తియ్, ఆయనకేం పనున్నది" అంది. మా బాపు నవ్వబోయి దగ్గాడు. బాపు బాయిలో బొగ్గును తట్టలతో పట్టాల మీద నడిచే టబ్బులకు ఎత్తిపోసే పని చేసేవాడు. డ్యూటీ నుంచి రాగానే ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. ముందు చిన్న బెల్లం ముక్క నోట్లో వేసుకుని, నమిలి, వాకిలి మూలకు పోయి ఉమ్మేవాడు. బెల్లం తింటే దుమ్ము దిగుతుందని అక్కడ అందరి నమ్మకం. ఉమ్మి తెల్లగా వచ్చేదాకా అదే పని. అది తెల్లబడ్డాక గానీ, "ఏందిరా, బడికి పోయిండ్రా?" అనే మాట వచ్చేది కాదు. స్నానం చేసినా కళ్ల అంచుల నలుపు పోయేది కాదు. కాటుక పెట్టుకున్నట్టు ఉండేది. పండగనాడు అవ్వ కొబ్బరినూనె గుడ్డతో ఆ నలుపు తీయబోతే, "ఉండనియ్యే, రేపు మల్ల పెట్టుకునుడే గద" అని చెయ్యి తోసేసేవాడు.

ఓదెలుకు చీకటంటే భయం. అందరు పిల్లలకూ ఉండే భయం కాదది. నిద్రలో నా చొక్కా కొస పిడికిట పట్టుకుని పడుకునేవాడు. క్వార్టర్ల చివర ఉన్న మరుగుదొడ్డికి పొద్దుగూకాక పోవాలంటే నేను తోడు పోవాలి. పోయి, బయట ఊరికే నిలబడితే చాలదు, వాడికి వినపడేట్టు ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండాలి. ఎక్కాలు చదివేవాణ్ణి. ఊళ్ల పేర్లు చెప్పేవాణ్ణి. అప్పుడప్పుడు అల్లరికి నోరు మూసుకునేవాణ్ణి. "అన్నా? అన్నా, ఉన్నవా? ఓ అన్నా!" అని లోపలినుంచి గొంతు ఒక్కొక్క మెట్టు పెరిగి, చివరికి నిక్కరు చేత్తో పట్టుకుని బయటికి ఉరికొచ్చేవాడు. అందరం నవ్వేవాళ్లం. తిట్టుకుంటూ వాడూ నవ్వేవాడు. కానీ నవ్వుతున్నప్పుడు వాడి చేతులు వణకడం నేను చూసేవాణ్ణి.

పగటిపూట అంత ధైర్యంగలవాడు ఇంకొకడు లేడు. బసంత్‌నగర్ పోయే రోడ్డు మీద గౌస్ భాయ్ అని ఒకాయన లారీలు బాగుచేసేవాడు. నాలుగు గుంజలు, పైన రేకులు, అన్ని వైపులా వెలుతురు. సిమెంటు లారీలు అక్కడ వరసగా ఆగేవి. బడి వదిలితే ఓదెలు అక్కడే. ఒళ్లంతా గ్రీజు పూసుకుని లారీ కింద వెల్లకిలా పడుకుని ఉండేవాడు. "ఈ పోరన్ని నాకియ్యిండ్రి. పక్కా మిస్త్రీని చేస్త. దిల్ పెట్టి చేస్తడు" అని గౌస్ భాయ్ మా బాపుతో రెండు మూడుసార్లు అన్నాడు. బాపుకూ అది ఇష్టమే. పెద్దోడు బాయికి, చిన్నోడు లారీలకు అని ఆయన మనసులో పంపకం అయిపోయింది.

నేను కాలేజీ చదువుకు వరంగల్ పోవడానికి సీటు తెచ్చుకున్న ఎండాకాలమే బాపు కాలు పోయింది. బొగ్గు నింపిన టబ్బు పట్టా తప్పి చీలమండ మీద పడింది. దవాఖానలో చాలా రోజులున్నాడు. కాలు తీసెయ్యలేదు, కానీ నిలబడి పనిచేసే కాలు కాదన్నారు. అన్‌ఫిట్ అయిన మనిషి స్థానంలో ఈడొచ్చిన కొడుకు దిగవచ్చు. దిగితే క్వార్టరు ఉంటుంది, బొగ్గు వస్తుంది, ఇల్లు నడుస్తుంది. లేకపోతే సామాను ఎడ్లబండిలో వేసుకుని, ఏమీ మిగలని ఊరికి తిరిగి పోవాలి. ఈడొచ్చిన కొడుకును నేనొక్కణ్ణే.

ఆ మాట వచ్చిన సాయంత్రం మేం నలుగురం వాకిట్లో కూర్చున్నాం. కుప్ప అప్పుడే అంటుకుంది. "పెద్దోడు దిగుతడు. ఇంకేమున్నది మాట్లాడ" అన్నాడు బాపు. అవ్వ నా వైపు చూడలేదు. అప్పుడు నేనన్నాను. ఎవరూ నా నోట పెట్టలేదు, నేనే అన్నాను. "ఓదెలును నా పేరు మీద దిగనియ్యి బాపూ. డిగ్రీ కాంగనే నేనొచ్చి దిగుత. గప్పుడు వాడు బయటికొస్తడు."

మా దగ్గర అది వింత కాదు. అన్న పేరు మీద తమ్ముడు, మామ పేరు మీద అల్లుడు దిగినవాళ్లు ప్రతి వరసలో ఉండేవారు. అందరికీ తెలుసు, ఎవరూ అనరు. బాపు పొగలోకి చూస్తూ, "వానికింకా మీసం రాలేదుర" అన్నాడు.

"వస్తది."

"చీకటికి ఉచ్చకు పోడు వాడు."

"అలవాటైతది బాపూ. మూడేండ్లే గద."

ఓదెలు నా పక్కనే కూర్చుని ఉన్నాడు. దిగనని అనలేదు. "అండ్ల దీపముంటదా అన్నా?" అన్నాడు.

"టోపీకే ఉంటదిరా."

"ఆరిపోతె?"

"పక్కోనిది ఉంటది."

"వానిది గూడ ఆరిపోతె?"

"ఏయ్, ఊకో" అన్నాను. అవ్వ లేచి లోపలికి పోయింది.

తరవాతి రోజులు గుర్తుచేసుకుంటే, మా ఇంట్లో పెళ్లి పనుల సందడి లాంటిదే కనబడుతుంది నాకు. వాడి బరువు పెరగాలని అరటిపండ్లు తెచ్చి తినిపించాం. పై పెదవికి అవ్వ ఆముదం రాసేది. నేను పుట్టిన సంవత్సరం, పెద్దకొడుకునని చెప్పవలసిన మాట, నేనే దగ్గర కూర్చోబెట్టి, ఎక్కాలు అప్పగించుకున్నట్టు అప్పగించుకున్నాను. "నీ పేరేంది?" "ఓదె... రాజేశం." "మల్ల చెప్పు." "రాజేశం." వాడికి అదంతా ఆటలాగే ఉంది. మెడికల్ పరీక్ష రోజున కొంచెం దీపపు మసి వేలికి తీసుకుని పెదవి మీద రుద్దింది నేనే. ఎముకపుష్టి ఉన్నవాడు, ఎవరికీ అనుమానం రాలేదు. లోపల పేరు అడిగినప్పుడు, "రాజేశం" అని చెప్పి, తలుపు దగ్గర నిలబడ్డ నా వైపు తిరిగి చూశాడు, సరిగ్గానే చెప్పానా అన్నట్టు. నేను తల ఊపాను.

ఆ వారంలో గౌస్ భాయ్ నన్ను రోడ్డు మీద ఆపాడు. "ఏం రాజేశం, పోరన్ని బాయిల ఏస్తున్నవట? అంధేరా అంటె వాని పానం పోతది, తెల్వదా నీకు?" అన్నాడు. "అలవాటైతది భాయ్" అన్నాను మళ్లీ. "అయితె నీకు గూడ అలవాటైతుండె గద, నువ్వే దిగరాదు?" అన్నాడు. కోపం వచ్చింది నాకు. వరంగల్ పోయేదాకా ఆ రోడ్డున నడవలేదు. ఓదెలు మొదటి షిఫ్టుకు ముందురోజే బస్సెక్కాను. కాలేజీ తెరవడానికి ఇంకా టైముంది. వాడు దిగుతుంటే చూడలేక వెళ్లిపోయానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి, వాడు దిగనని ఏడిస్తే నేను దిగవలసి వస్తుందని పోయాను.

డిగ్రీ అయింది. ఇంటికి వచ్చి రెండురోజులున్నాను. అప్పటికి వాడికి నిజంగానే మీసం వచ్చింది, కళ్ల అంచుల్లో బాపు కాటుక వచ్చింది. బెల్లం ముక్క నమిలి, వాకిలి మూలకు పోయి, ఉమ్మి తెల్లబడేదాకా ఉండి వచ్చి, "ఎప్పుడొచ్చినవే?" అన్నాడు. వాల్తేరులో సముద్రశాస్త్రం చదువుతాననీ, ఇంకో రెండేళ్లనీ చెప్పాను. వాడు కొంచెం ఆగి, "రెండేండ్లే గద. పో" అన్నాడు. ఆ రెండేళ్లయ్యాక పరిశోధన అన్నాను. దానికి ఎన్నేళ్లో చెప్పలేదు, వాడు అడగలేదు.

నేను అక్కడ బాధపడుతూ బతికానని రాస్తే బాగుంటుంది. బాధపడలేదు. సంతోషంగా ఉన్నాను. సముద్రం మీద తెల్లవారుజామున ఇనుప తీగకు సీసాలు కట్టి లోతుకు దించి, పైకి లాగి, ఆ నీటికి గాలి తగలకుండా గొట్టంతో చిన్నసీసా అడుగు నుంచి నింపి, పొర్లిపోయేదాకా పోనిచ్చి మూత పెట్టడం నాకు పూజ లాగా ఉండేది. మా అవ్వను అడిగిన ప్రశ్నకు జవాబు అక్కడ దొరికింది. ఆ పొగ పైకిపోయి ఊరికే లేదు. కొంత గాలిలో ఉంది, కొంత చెట్లూ మట్టీ తీసుకున్నాయి, కొంత సముద్రం తాగింది. పైనీటిలో బతికే కంటికి కనబడని ప్రాణులు దాన్ని ఒంట పట్టించుకుని, చచ్చి, సన్నటి పిండిలాగా అడుగుకు రాలుతుంటాయి. చల్లటి నీరు దాన్ని మోసుకుని కిందికి దిగి వందల ఏళ్లు పైకి రాదు. నేలకింద చీకట్లోంచి తీసింది, నీటికింద చీకట్లోకి పోతుంది. పైకి తీసేవాళ్లలో మా ఓదెలు ఉన్నాడని నాకు తెలియక కాదు. ఆ తెలివిని పాఠంలో వాడుకున్నాను గానీ ఇంటికి తీసుకుపోలేదు.

ఓదెలు పెళ్లయిన ఏడాది వాల్తేరు వచ్చాడు. లీవు పెట్టి ఒక్కడే వచ్చాడు. కొత్త టెర్లిన్ చొక్కా, చేతిలో అవ్వ పంపిన సకినాల డబ్బా. సముద్రాన్ని మొదటిసారి చూశాడు. ఎండలో ఇసుక మీద కాళ్లు చాపుకుని కూర్చుని, కళ్లు చికిలించుకుంటూ, "గింత వెలుతురా!" అన్నాడు. నా పని ఏమిటో చెప్పమంటే చెప్పాను. శ్రద్ధగా విని, నవ్వి, "అంటె నేను తవ్వి పంపుడు, నువ్వు కొలుసుడు. గంతేనా?" అన్నాడు.

"గంతే."

"నేను తవ్వుడు ఆపుతె నీ కొలత తగ్గుతదా?"

"నువ్వొక్కనివి ఆపుతె తగ్గదురా."

"నువ్వు కొలుసుడు ఆపుతె నా తవ్వుడు ఆగుతదా?"

"ఆగదు."

"మరి ఇద్దరం ఎందుకు చేస్తున్నమే?" అని పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఆగినాక, ఇసుకలో వేలితో గీతలు గీస్తూ అడిగాడు. "అన్నా, నన్ను బయట పడెయ్యరాదు? నిన్ను బాయిల దిగుమంటలేను. గంత సదువు సదివి ఏం దిగుతవ్. బాపును, అవ్వను నీ దగ్గర పెట్టుకో. క్వార్టరు ఇడిసిపెడ్త. గౌస్ భాయ్ ఇంకా పిలుస్తుండు. ఆయనకు కండ్లు కనవడ్తలేవు, షెడ్డు నువ్వే నడుపుకో అంటుండు. లోపటికి పోతుంటె ఇప్పటికి గూడ నాకు..." అని ఆగిపోయి, చేతులు రెండూ తొడల కింద పెట్టుకున్నాడు.

నాకప్పటికి ఇద్దరు ముసలివాళ్లకు ఇంత అన్నం పెట్టే పాటి స్టైపెండు వస్తోంది. ఒక గది అద్దెకు తీసుకుంటే ఆ నెలలోనే తమ్ముడు వెలుతురులోకి వచ్చేవాడు. కానీ ఆ వచ్చే వారం మా ఓడ బయలుదేరుతోంది. సీసాలను అంత లోతు దాకా దించే అవకాశం నాకదే మొదలు. బాపు దగ్గూ, అవ్వ పొయ్యీ, వాళ్ల మాటతీరూ నా హాస్టలు స్నేహితుల మధ్యకు రావడం కూడా నాకు ఇష్టం లేదు. అది కూడా రాయాలి. "ఈ ఓడ పోయొచ్చినంక మాట్లాడుదంరా" అన్నాను. "సరే" అన్నాడు. మర్నాడు పొద్దున రైలెక్కాడు. ఆ ఓడ పోయింది, వచ్చింది. నేను మాట్లాడలేదు. వాడు మళ్లీ ఆ మాట ఎత్తలేదు. అట్లాగే బాపు పోయాడు, అవ్వ పోయింది, గౌస్ భాయ్ పోయాడు. ఆ రేకుల షెడ్డు ఎప్పుడు తీసేశారో కూడా నాకు తెలియదు.

మొన్న చూస్తే మా వరసలో ఎవరింటి ముందూ కుప్ప లేదు. అన్ని ఇళ్లలో గ్యాసు ఉంది. సాయంత్రం ఎదురిల్లు స్పష్టంగా కనపడుతోంది, కానీ గడపలో నిలబడి పిల్లలను పిలిచే తల్లులు లేరు. పాత బాయిలు చాలావరకు మూసేశారు. ఇప్పుడు మనిషి లోపలికి దిగడం తక్కువ, నేలనే పైనుంచి విప్పేస్తున్నారు. తీసిపోసిన మట్టి గుట్టలై ఊరిచుట్టూ నిలబడింది. బొగ్గు మా బాపు కాలంలో కంటే ఎన్నో రెట్లు వస్తోంది. సముద్రం నేను కొలత మొదలుపెట్టినప్పటి సముద్రం కాదు. తాగినకొద్దీ పులుస్తోంది, వేడెక్కుతోంది, గవ్వ కట్టుకునే చిన్న ప్రాణులకు గవ్వ కట్టుకోవడం కష్టమవుతోంది. ఇట్లా అవుతుందని మేం ఎప్పుడో చెప్పాం. సభలు పెట్టి చెప్పాం, పుస్తకాల్లో రాశాం. విన్నవాళ్లు తలలూపి, "ఈ ఒక్క పని అయ్యాక చూద్దాం" అన్నారు. వాళ్ల మీద కోపం తెచ్చుకోవడానికి నాకు నోరు రావడం లేదు. ఆ మాట నేను ఇసుక మీద కూర్చుని ముందే అన్నవాణ్ణి. లోకాన్ని ఆపడం నా చేతిలో లేదు, సరే. ఒక్క మనిషిని బయటికి తీయడం నా చేతిలోనే ఉండింది. నా తరవాత వచ్చినవాళ్లు బాగు చేస్తారని పిల్లలకు చెప్పేవాణ్ణి. అది నేను నమ్మి చెప్పానో, అలవాటు కొద్దీ చెప్పానో ఇప్పుడు తేల్చుకోలేను.

చితి కాలిన మూడోనాడు మధ్యాహ్నం, వచ్చినవాళ్లు పోయాక, మరదలు, ఓదెలు భార్య పోసక్క అరుగు మీద చేటలో బియ్యం ఏరుతూ కూర్చుంది. నేను ఎదురుగా కూర్చున్నాను. "పోసక్కా, ఓదెలు నన్నెప్పుడన్న తిట్టిండా?" అని అడిగాను.

"ఎందుకు తిడ్తడు బావా?"

"వస్తనని చెప్పి రాకపోతి గద."

ఆమె ఒక రాయి ఏరి పక్కన పడేసింది. "పెండ్లైన కొత్తల నాకు తెల్వదు బావా. డ్యూటీకి పోయేటప్పుడు ఆయన చేతులు వణుకుతుండె. అంగీ గుండీలు పడకపోతుండె. నేనే పెడ్తుంటి. గిట్లెందుకయ్య అంటె, మా అన్న వస్తడు, ఇంకెన్ని రోజులు, అంటుండె. గప్పుడే మీ దగ్గరికి వాల్తేరు వచ్చిపోయిండు. వచ్చిన తెల్లారి డ్యూటీకి ఎల్లుతుంటె నేను దగ్గరికి పోయిన. ఉండనియ్యి అన్నడు. గుండీలు ఆయనే పెట్టుకున్నడు. చేతులు మంచిగున్నయి."

ఆమె పక్కన పడేసిన రాయిని నేను చేతిలోకి తీసుకున్నాను.

"భయం పోయిందా అని అడిగిన. 'బయటికొస్త అనుకున్నన్ని రోజులే భయముండె. ఇగ రాను గద' అన్నడు." చేట ఒకసారి ఎగరేసి, పొట్టు ఊదేసి, ఆమె నా ముఖంలోకి చూసింది. "ఏడ్సుకుంట అనలే బావా. నవ్వుకుంటనే అన్నడు."